అతికిన చోట విరగలేదు

లోకంలో తక్కువ దెబ్బలు కొట్టినవాడు గెలిచే ఆట గోల్ఫ్ ఒక్కటే. తక్కిన అన్ని చోట్లా, సంసారంతో సహా, ఎక్కువ కొట్టినవాడిదే పైచేయి. ఈ చిన్న తేడా కర్రల మేస్త్రి బుర్రకెక్కడానికి నలభై ఆరేళ్ళు పట్టింది. ఆ చదువుకి గురుదక్షిణగా అతను సమర్పించుకున్నవి ఒక చెవి, ఒక భుజం ఎముక, నెత్తిమీద ఏడు కుట్లు.

కర్రల మేస్త్రి అంటే గోల్ఫ్ క్లబ్బులో సభ్యులు విరగ్గొట్టిన కర్రలను అతికే మనిషి. బంతిని కొట్టే ఆ పొడుగాటి సాధనాలకు కొన్న దుకాణంలో ఎన్ని పేర్లున్నా, మైదానంలో పనిచేసేవాళ్ళకి అవన్నీ కర్రలే. అవి మామూలుగా విరిగే వస్తువులు కావు. అయినా మేస్త్రికి ఏ రోజూ పని తక్కువైంది లేదు. పెద్దమనుషుల కోపం అంత నమ్మకమైన పంట. గుండె ఆపరేషన్లు చేసే సర్జనుగారు నెలకి రెండు కర్రలు మోకాలి మీద పెట్టి విరిచేవారు. ఒక నెల మూడోసారి కర్ర విరగలేదు, మోకాలు విరిగింది. పదవి దిగిపోయిన ఒక న్యాయమూర్తిగారు ఏడో గుంట దగ్గరున్న చెట్టుకి ప్రతి ఆదివారం శిక్ష విధించేవారు, అప్పీలు లేకుండా. ఆ చెట్టుకి ఒక పక్క బెరడే లేదు. ఇంకొకాయన కర్రని చెరువులో విసిరి, కోపం చల్లారక సంచీని విసిరి, అదీ చాలక తానూ దిగాడు. ముగ్గుర్నీ బయటికి లాగాల్సి వచ్చింది.

ఇవన్నీ మేస్త్రి బల్లమీదికి వచ్చేవి. కర్ర గొట్టం లోపల చిన్న ఇనప చువ్వ దూర్చి, జిగురు పోసి, రెండు ముక్కలూ కలిపి, పావుగంట కదలకుండా పట్టుకునేవాడు. ఆ పావుగంటలో అతని ముఖం చూసినవాళ్ళు ఈయనకి కోపమంటే ఏమిటో తెలియదనుకునేవాళ్ళు. అలా అనుకున్నవాళ్ళలో ఇద్దరు తర్వాత ఆసుపత్రిలో అభిప్రాయం మార్చుకున్నారు.

మేస్త్రి కోపం పిత్రార్జితం. తండ్రి అదే మైదానంలో గడ్డి కోసేవాడు. కొడుకుని పెంచడంలో ఆయనకి పనిముట్ల భేదం లేదు. నీళ్ళ గొట్టం, గడ్డిపార, బెల్టు, గుంటలో గుర్తుకి నిలబెట్టే జెండా కర్ర, ఏది అందితే అదే. ఏమీ అందని రోజున చెయ్యి. ఆ చేత్తో కొట్టిన ఒక్క చెంపదెబ్బకి తొమ్మిదేళ్ళ వయసులో మేస్త్రి ఎడమ చెవి శాశ్వతంగా సెలవు తీసుకుంది. తండ్రి పోయి ఇరవై మూడేళ్ళయింది. చెవి తిరిగి రాలేదు.

తండ్రి వదిలిన ఖాళీని పూరించడానికా అన్నట్టు పెళ్ళితో పాటు బావమరిది వచ్చాడు. భార్యకి తమ్ముడు. ఆ రోజుల్లో సన్నటి కుర్రాడు, ఇప్పుడు ఆటగాళ్ళ సంచులు మోసే క్యాడీలందరికీ పెద్ద. పెళ్ళయిన మూడో రోజున దూరం నుంచి బంతి విసిరి బావగారి పెదవి చీల్చాడు. వేళాకోళం అన్నాడు. బావగారు అతన్ని మెడ పట్టుకుని నీళ్ళ తొట్టిలో బుడగలు వచ్చేదాకా ముంచాడు. అదీ వేళాకోళమే అన్నాడు. బావాబావమరదుల సరసం ఆ విధంగా ఇరవై రెండేళ్ళు సాగింది. మధ్యలో ఒక వేలు, రెండు పక్కటెముకలు, ఒక సైకిలు ధ్వంసమయ్యాయి.

చివరి సరసం క్యాడీల షెడ్డులో జరిగింది. బెంచీమీద ఆరేసిన తువ్వాలు ఎవరిది అన్నది చర్చనీయాంశం. చర్చ మూడో వాక్యానికే బావమరిది చేతిలోకి ఏడో నంబరు కర్ర వచ్చింది. అది మేస్త్రి ఎడమ భుజం మీద దిగినప్పుడు వచ్చిన చప్పుడుకి బయట గడ్డి కోసే మిషను తోలేవాడు తన మిషనే విరిగిందనుకుని దిగి చూసుకున్నాడు. మేస్త్రి కుడి చేత్తో ఒకే ఒక్క గుద్దు గుద్దాడు. బావమరిది ముందు పళ్ళు రెండూ ఊడాయి. ఒకటి నేలమీద దొరికింది. రెండోది మేస్త్రి పిడికిలి కణుపులో దిగబడి ఉంటే, ఆసుపత్రిలో పట్టకారుతో లాగారు. విడదీయబోయిన నలుగురు క్యాడీల్లో ఒకడి ముక్కు వంకరపోయింది. నీళ్ళ డ్రమ్ము దొర్లి, నేలంతా ఎర్రటి నీళ్ళు. తువ్వాలు, తర్వాత తెలిసింది, మూడోవాడిదట.

క్లబ్బు సెక్రటరీ మితభాషి. ఇద్దరికీ ఒకే ఉత్తరం, మధ్యలో కార్బన్ కాగితం పెట్టి రాశాడు. "ఇకమీదట ఈ ఆవరణలో మీ ఇద్దరిలో ఎవరు ముందుగా చెయ్యి చేసుకున్నా, ఆ సాయంత్రంలోగా ఉద్యోగమూ, క్లబ్బు ఇచ్చిన ఇల్లూ ఖాళీ చేయవలెను."

ఆ ఉత్తరంలో "ముందుగా" అన్న మాటని బావమరిది పదిసార్లు చదువుకున్నాడు. పళ్ళు లేని సందులోంచి ఈల వేసుకుంటూ చదువుకున్నాడు. బావ చేత ఒక్క దెబ్బ తింటే చాలు, బావ పీడ విరగడైపోతుంది. ఇరవై రెండేళ్ళుగా తిన్నవాటిలో ఒక్కదానికైనా ఇంత గిట్టుబాటు లేదు. ఆ రోజు నుంచి అతను దెబ్బ కోసం తపస్సు చేయడం మొదలుపెట్టాడు. "ఏం బావా, చెయ్యి ఎలా ఉంది? దురద పెడుతోందా?" అని రోజూ పొద్దున్నే షాపు గుమ్మంలో ముఖం చాపేవాడు, వీలుగా, గడ్డం కొంచెం పైకెత్తి.

మేస్త్రి పళ్ళు కొరుకుతూ బల్లని గుద్దేవాడు. బల్లకి ఉత్తరం వర్తించదు.

ఇక డాక్టరమ్మ సంగతి.

మేస్త్రి షాపు ఎనిమిదడుగుల గది. ఒక పక్క గోడ చెక్కలతో కట్టింది. ఆ చెక్కల అవతల, ఒకప్పుడు బూట్లు పెట్టుకునే గదిలో, నాలుగేళ్ళుగా మనసు డాక్టరమ్మ కూర్చుంటోంది. ఆవిడ జన్మలో గోల్ఫ్ కర్ర పట్టుకోలేదు. ఆట చేతుల్లో కాదు, రెండు చెవుల మధ్య ఉందని ఆవిడ సిద్ధాంతం. సభ్యులు ఒక్కొక్కరే వచ్చి వాలుకుర్చీలో పడుకుని, బంతి ఎందుకు తిన్నగా పోవడం లేదో కన్నీళ్ళతో చెప్పుకునేవారు. మేస్త్రి పనిచేసే చెవిని చెక్కకి ఆనించి వినేవాడు. విద్య ఎక్కడ దొరికినా వదలకూడదు.

పాఠం సరిగ్గా పదింటికి మొదలయ్యేది. "కళ్ళు మూసుకోండి. ఊపిరి నెమ్మదిగా వదలండి. మిమ్మల్ని అందరికంటే ఎక్కువ బాధపెట్టిన మనిషి ముఖం గుర్తు తెచ్చుకోండి. బంతి ఉన్న చోట ఆ ముఖాన్ని చూడండి. ముక్కు, మూతి, కనుబొమలు, అన్నీ స్పష్టంగా."

సరిగ్గా పదింబావుకి మైదానానికి నీళ్ళు తోడే పంపు ఆపేవారు. పంపు ఆగితేనే మేస్త్రి సాన మిషనుకి కరెంటు అందేది. అందగానే అతను మిషను వేసేవాడు. అది తిరుగుతుంటే పక్కనున్నవాడు చస్తున్నా వినబడదు. ఆ విధంగా నాలుగేళ్ళ పాటు, వారానికి ఐదు రోజులు, మేస్త్రి ప్రతి పాఠంలోనూ మొదటి పావుగంట మాత్రమే చదువుకున్నాడు. అంతవరకే పాఠం అనుకుని, శ్రద్ధగా, తు.చ. తప్పకుండా ఆచరించాడు.

మొదట్లో బంతి మీద తండ్రి ముఖం పెట్టేవాడు. ఫలితం అద్భుతంగా ఉండేది. కానీ కొన్నాళ్ళకి, చచ్చినవాణ్ణి రోజూ కొట్టడం మర్యాద కాదేమో అనిపించింది. బావమరిది ముఖం పెట్టాడు. ఇంకా అద్భుతం. మేస్త్రి మొదటి దెబ్బ కొడితే బంతి మూడు వందల గజాలు పోయేది. చూసేవాళ్ళు చెవులు మూసుకునేవాళ్ళు. చిక్కల్లా గుంట దగ్గర వచ్చేది. నున్నటి గడ్డి మీద మూడడుగుల దూరంలో గుంట. బంతిని పసిపిల్ల బుగ్గ మీటినట్టు మీటాలి. కానీ అక్కడున్నది పసిపిల్ల బుగ్గ కాదే! బావమరిది ఇకిలింపు. మేస్త్రి మీటితే బంతి గుంట దాటి, గడ్డి దాటి, ఇసకలో పడేది. ఒకసారి క్లబ్బు వరండాలో టీ కప్పులో పడింది. టీ తాగుతున్నాయన పెదవికి నాలుగు కుట్లు.

ఈ క్లబ్బులో పనివాళ్ళకి ఏడాదికోసారి సొంత పోటీ ఉంది. మైదానం మూసి ఉండే సోమవారం ఆడతారు. విరిగిన కర్రల పోటీ అని పేరు. ఆ పేరు ఎందుకంటే, సభ్యులు విరిచి పారేసి, మేస్త్రి అతికిన కర్రలతో తప్ప మరో కర్రతో ఆడకూడదని నియమం. అందరి చేతుల్లోనూ ఎవరో ఒక పెద్దమనిషి కోపం ఉంటుంది, అతుకుతో సహా. ఆరేళ్ళుగా ఆఖరి మజిలీకి చేరేది బావాబావమరదులే. ఆరేళ్ళుగా ఆఖరి గుంట దగ్గర మేస్త్రి ఓడేవాడు, ఆపైన కొట్లాట.

ఈసారి పోటీకి మూడు వారాల ముందు, ఒక పదింబావుకి, డాక్టరమ్మే షాపు గుమ్మంలోకి వచ్చింది.

"మేస్త్రీ, ఇవాళ ఒక్క అరగంట ఆ మిషను ఆపుతారా? లోపల ఒకాయన ఏడుస్తున్నారు. ఆయన ఏడుపు ఆయనకే వినబడటం లేదు."

"ఆపేస్తానమ్మా. మీ మాట కాదంటానా? నాలుగేళ్ళుగా మీ శిష్యుణ్ణి."

ఏడ్చేవాణ్ణి పంపించేశాక ఆవిడ మళ్ళీ వచ్చింది. శిష్యుడన్న మాట ఆవిణ్ణి వదల్లేదు. "నా దగ్గర మీరేం నేర్చుకున్నారు?" అంది, ముక్కాలిపీట లాక్కుని.

మేస్త్రి కళ్ళు మూసుకుని పాఠం ఒప్పజెప్పాడు. ఊపిరి, ముఖం, ముక్కు, మూతి, కనుబొమలు.

"బాగుంది. ఎవరి ముఖం?"

"ముందు మా నాన్నదమ్మా. ఇప్పుడు మా బామ్మర్దిది."

"తర్వాత?"

"తర్వాతేముందమ్మా, కొడతాను."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి చీర కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకుంది. "మేస్త్రీ, అది పాఠంలో మొదటి సగం. రెండో సగం ఏదీ?"

"రెండోది ఉందా అమ్మా? అప్పటికి నేను మిషను వేసుకుంటాను."

ఆవిడ చాలాసేపు నవ్వలేదు. నవ్వాపుకోవడం ఆవిడ వృత్తిలో భాగం. తర్వాత ఆ బల్ల పక్కనే కూర్చుని రెండో సగం చెప్పింది. ముఖం కనిపించాక దానితో కొట్లాడకూడదు, తరమకూడదు. కొంచెం పక్కకి జరుగు అని మర్యాదగా చెప్పాలి. మూడడుగుల దూరంలో నిలబెట్టాలి. అది ఎక్కడికీ పోదు, అక్కడే ఉండి చూస్తుంది. చూడనివ్వాలి.

"ఇప్పుడు చెప్పండి, బంతి ఉన్న చోట ఏముంది?"

"ఏముందమ్మా?"

"బంతి."

నాలుగేళ్ళలో ఆ కోణంలో అతను ఆలోచించనే లేదు.

లేవబోతూ ఆవిడ అతని చేతులకేసి చూసింది. అప్పుడే జిగురు పోసిన కర్ర ఒకటి, మాట్లాడుతున్నంతసేపూ, అతని రెండు చేతుల మధ్య కదలకుండా ఉంది. "దాన్ని ఎంత గట్టిగా పట్టుకున్నారు?"

"జారనంతే అమ్మా. పిసికితే జిగురంతా బయటికి కక్కేస్తుంది."

"గుంట దగ్గర కూడా అలా పట్టుకోండి. ఇక నాకు చెప్పడానికేం లేదు."

మూడు వారాలు మేస్త్రి తెల్లవారగానే మైదానంలో అభ్యాసం చేశాడు. మనసులో చెబితే బావమరిది ముఖం కదిలేది కాదు. మొండి ఘటం. అందుకని పైకే చెప్పేవాడు. ఒరేయ్ అంటే అసలు కదలదు. "కొంచెం పక్కకి జరుగు నాయనా" అంటే కదిలేది. ఒంటరిగా గాలితో మర్యాదలు చేస్తున్న మేస్త్రిని చూసి గడ్డి కోసేవాళ్ళు దూరంగా మిషను మళ్ళించుకునేవాళ్ళు. కొట్టే మేస్త్రి అలవాటే. నాయనా అనే మేస్త్రిని చూస్తే భయమేసింది.

పోటీ రోజు పొద్దున్న, భార్య క్లబ్బు తువ్వాళ్ళు మడతపెడుతూ, తల ఎత్తకుండానే మొదలెట్టింది. ఆవిడ క్లబ్బు చాకిరేవులో పనిచేసేది. తడి తువ్వాలు మెలితిప్పి కొడితే ఆ కుటుంబంలో ఆవిడదే పెద్ద దెబ్బ. కాకపోతే మితంగా వాడేది.

"ఏమయ్యా, ఉత్తరం గుర్తుందా?"

"ఉంది."

"నాదీ ఒక ఉత్తరం విను. నీ ఇల్లు పోతే మనం వాడింట్లో దిగుతాం. వాడి ఇల్లు పోతే వాడూ, వాడి పెళ్ళాం, నలుగురు పిల్లలూ మనింట్లో దిగుతారు. ఒక్కణ్ణి కూడా రోడ్డు మీద వదలను. ఒకడు మొగుడు, ఒకడు తోడబుట్టినవాడు."

మేస్త్రి తన గదిన్నర ఇంటిని ఒకసారి కలయజూశాడు. మంచం. స్టవ్వు. గోడకి తగిలించిన చొక్కా. ఆ చొక్కా పక్కన బావమరిది చొక్కా తగిలించి ఉన్నట్టు ఊహించాడు.

"ఈ మాట వాడికి చెప్పావా?"

"చెప్తే వింటాడా? నీకు ఒక చెవే పనిచెయ్యదు. వాడికి రెండూ."

ఈసారీ ఆఖరి ఆటకి మిగిలింది వాళ్ళిద్దరే. మైదానం మీదికి పదకొండు మంది పనివాళ్ళు వెంట నడిచారు. సెక్రటరీ వరండాలో కుర్చీ వేసుకుని దూరం నుంచి చూస్తున్నాడు. బావమరిది ముందే లెక్క వేసుకుని వచ్చాడు. ఉత్తరంలో చెయ్యి చేసుకోవడం గురించి ఉంది కానీ, కాలు గురించి, బంతి గురించి, ప్రమాదాల గురించి ఏమీ లేదు.

రెండో గుంట దగ్గర మేస్త్రి పాదం మీద ప్రమాదవశాత్తు కాలు వేశాడు. బూటు అడుగున ఇనప ముళ్ళున్నాయి. మేస్త్రి బొటనవేలి గోరు నల్లబడింది. "అయ్యో బావా, చూళ్ళేదు."

ఐదో గుంట దగ్గర బావమరిది కొట్టిన బంతి ప్రమాదవశాత్తు పక్కకి వచ్చి మేస్త్రి తొడ మీద తగిలింది. అక్కడే కూలబడ్డాడు. తొడమీద కోడిగుడ్డంత వాపు. "గాలి బావా, గాలి."

తొమ్మిదో గుంట నుంచి నోరు. ఎడమ చెవి చెవిటిదని తెలుసు కాబట్టి ఎప్పుడూ కుడి వైపే నిలబడేవాడు. "మీ నాన్న కొడితే చెవే పోయింది బావా. నేనైతే తలే పోగొట్టేవాణ్ణి... మా అక్క నిన్ను చేసుకున్న రోజు మా ఇంట్లో కుక్క కూడా అన్నం ముట్టలేదు... పళ్ళు పోయినా నవ్వుతున్నాను చూడు, నీకు అన్నీ ఉండీ ఏం లాభం?"

మేస్త్రి చెయ్యి రెండుసార్లు లేచింది. రెండుసార్లూ గోడకి తగిలించిన రెండు చొక్కాలు కళ్ళ ముందు కదిలాయి. చెయ్యి దిగింది. ఊపిరి వదిలి, బంతి మీద ముఖాన్ని పిలిచి, పైకే, స్పష్టంగా, "కొంచెం పక్కకి జరుగు నాయనా" అని, మీటేవాడు. బంతి బుద్ధిగా వెళ్ళి గుంటలో పడేది.

మొదటిసారి విన్నప్పుడు బావమరిది నిజంగానే పక్కకి జరిగాడు. రెండోసారి జరగలేదు. మూడోసారి, "ఎవర్ని బావా, నాయనా అంటున్నావ్?" అన్నాడు. మేస్త్రి కళ్ళు మూసుకుని ఉన్నాడు. పదమూడో గుంటకి బావమరిది ఈల ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళలో ఒరేయ్ తప్ప మరో పిలుపు ఎరగడు. తిట్టే బావ తెలుసు, తన్నే బావ తెలుసు, మెడ పట్టుకుని నీళ్ళలో ముంచే బావ తెలుసు. ఈ నాయనా అనేవాడు ఎవడు? మనిషిని ఇంత అవమానించడానికి ఏ పుస్తకం చదివి వచ్చాడు? పదిహేనో గుంటకి అతని బంతి ఇసకలో పడింది. పదహారో గుంటకి ఇద్దరి దెబ్బలూ సమానమయ్యాయి.

పద్దెనిమిదో గుంట. ఆఖరిది. బావమరిది రెండోసారి మీటితే గానీ బంతి గుంటలో పడలేదు. మేస్త్రి ఒక్కసారికి వేస్తే గెలుపు. మూడడుగుల దూరం. ఆరేళ్ళుగా బంతి ఇసకలోకి పోయిన దూరం అదే.

మేస్త్రి కర్ర పట్టుకున్నాడు, జిగురు ఆరని కర్రని పట్టుకున్నట్టు. కళ్ళు మూసుకున్నాడు.

"బావా, వద్దు," అన్నాడు బావమరిది కుడి వైపు నుంచి. "తిట్టు. కావలిస్తే తన్ను. అంతేగానీ ఆ మాట మాత్రం అనకు."

"కొంచెం పక్కకి జరుగు నాయనా."

కుడి పక్కన కర్ర ఒకటి గాలిలో లేచిన చప్పుడు మేస్త్రికి వినబడింది. బావమరిది రెండు చేతులతో, ఇరవై రెండేళ్ళ బాకీ అంతా కలిపి, కుడి కణత పైన దించాడు. పుర్రె మీద ఇనుము పలికింది. మేస్త్రి మోకాళ్ళ మీద పడ్డాడు, తర్వాత చేతుల మీద పడ్డాడు. నున్నటి పచ్చగడ్డి మీద రక్తం ముందు చుక్కలుగా, తర్వాత ధారగా కారింది. బావమరిది చేతిలో కర్ర సగమే మిగిలింది. తక్కిన సగం గింగిరాలు తిరుగుతూ వెళ్ళి జెండా పక్కన పడింది. ఎవరో ఒక ముసలి క్యాడీ, "చచ్చాడు," అన్నాడు, చాలా మామూలుగా.

చచ్చినవాడు పాక్కుంటూ వెళ్ళి విరిగిన సగాన్ని అందుకున్నాడు. పదకొండు మందీ వెనక్కి గెంతారు. దానితో ఇప్పుడు ఎవణ్ణి పొడుస్తాడో అని. బావమరిది మాత్రం గెంతలేదు. ముఖం చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు.

మేస్త్రి ఆ ముక్కని కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. రక్తం తుడిచాడు. వేలితో తడిమాడు.

"అతికిన చోట విరగలేదు," అన్నాడు. "చూశావా? అతుకు చెక్కుచెదరలేదు. పక్కన, కొత్త చోట విరిగింది."

సెక్రటరీ వరండా నుంచి పరుగున వచ్చాడు. వయసు మీద పడ్డ మనిషి, ఆయాసం. చుట్టూ మూగినవాళ్ళ వీపులు అడ్డం రావడంతో దూరం నుంచి ఏమీ కనబడలేదు. "ఎవరు? ముందు ఎవరు చెయ్యి చేసుకున్నారు?"

పదకొండు మందీ గడ్డి ఎంత ఏపుగా పెరిగిందో పరీక్షించసాగారు. బావమరిది చేతిలో సగం కర్ర ఉంది. అతని ఉద్యోగం, ఇల్లు, పెళ్ళాం, నలుగురు పిల్లలు, అన్నీ ఇప్పుడు మేస్త్రి నోట్లో ఉన్నాయి. ఒక్క మాట చాలు. ఇరవై రెండేళ్ళ పీడ సాయంత్రంలోగా విరగడ. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో మేస్త్రికి తన గదిన్నర ఇల్లు కనిపించింది. మంచం మీద బావమరిది. స్టవ్వు దగ్గర బావమరిది పెళ్ళాం. గోడ నిండా చొక్కాలు.

"ఎవరూ కాదు సార్. కాలు జారి జెండా కర్ర మీద పడ్డాను."

"మరి అతని చేతిలో ఆ సగం?"

"నన్ను పట్టుకోబోయాడు సార్. ఆ కంగారులో విరిగింది. మంచివాడు."

ఆఖరి మాట అనడానికి మేస్త్రి పడ్డ శ్రమ ముందు భుజం ఎముక నొప్పి దిగదుడుపు. సెక్రటరీ ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఒక మనిషి జెండా కర్ర మీద పడితే కణత పైన అంత నిలువు గాయం ఎలా అవుతుందో ఆయన అడగలేదు. మితభాషి కదా. "ఆట సంగతి?" అన్నాడు.

"నా వంతు ఒకటి మిగిలింది సార్."

తువ్వాలు నెత్తికి చుట్టి లేపారు. మేస్త్రి బంతి మీద నిలబడ్డాడు. కుడి కన్ను రక్తంతో మూసుకుపోతోంది. ఊపిరి వదిలాడు. ముఖాన్ని పిలిచాడు. ఈసారి వచ్చింది బావమరిది కాదు. చాలా ఏళ్ళ తర్వాత తండ్రి వచ్చాడు. ఎర్రటి కళ్ళు, గడ్డి వాసన, పైకెత్తిన చెయ్యి. మేస్త్రి కాసేపు ఆ చేతినే చూశాడు. అది ఎంత చిన్న చెయ్యో అప్పుడు గమనించాడు.

"కొంచెం పక్కకి జరుగు నాన్నా," అన్నాడు.

జరిగాడు.

బంతి ఉన్న చోట బంతి ఉంది. కానీ గుంట ఉన్న చోట, దెబ్బ ప్రభావం వల్ల, రెండు గుంటలున్నాయి. మేస్త్రి ఏమాత్రం తొందరపడలేదు. సంపూర్ణమైన మనశ్శాంతితో, వేళ్ళ మధ్య జిగురు చెదరకుండా, జీవితంలో ఎన్నడూ మీటనంత సుతారంగా, తిన్నగా, లేని గుంటలోకి మీటాడు.

బంతి అసలు గుంటకి జానెడు దూరంలో ఆగింది. దాన్ని చూసి మేస్త్రి కర్ర విరగ్గొట్టలేదు, విసరలేదు, ఎవర్నీ తన్నలేదు. "పోన్లే," అన్నాడు. ఆ మాట అతని నోట వినడం అక్కడున్నవాళ్ళకి అదే మొదలు. తర్వాత, అప్పటికి కుదిరింది కాబట్టి, స్పృహ తప్పాడు.

జానెడు దూరంలో ఆగిన బంతిని ఇంకో దెబ్బకి వేసినట్టే లెక్కకట్టి, పోటీ సమానం అని ప్రకటించారు. మరో గుంట ఆడించాలంటే ఒకడికి కర్ర లేదు, ఇంకొకడికి తల లేదు. మోకాలు విరగ్గొట్టుకున్న సర్జనుగారే వచ్చి ఏడు కుట్లు వేశారు. ఇంటి దగ్గర భార్య మొగుణ్ణి ఏమీ అడగలేదు. కట్టుకేసి చూసింది, నేరుగా తమ్ముడి ఇంటికి నడిచింది, ఒక తడి తువ్వాలు పట్టుకుని. ఆ ఇల్లు క్లబ్బు ఆవరణలోదే అయినా, ఉత్తరంలో ఆవిడ ప్రస్తావన లేదు.

నాలుగో రోజు పదింటికి బావమరిది షాపు గుమ్మంలోకి వచ్చాడు. మెడ మీద ఎర్రటి చార. చేతిలో కర్ర, రెండు ముక్కలు.

"ఏం కావాలి?" అన్నాడు మేస్త్రి.

"అతకాలి బావా."

"దేని మీద విరిగింది?"

బావమరిది చెక్క గోడకేసి చూశాడు. అవతల డాక్టరమ్మ ఎవరికో ఊపిరి వదలమని చెబుతోంది. "రాయి మీద," అన్నాడు.

"గట్టి రాయే."

"అవును బావా. వందేళ్ళు ఉంటుంది."

మేస్త్రి చువ్వ దూర్చాడు, జిగురు పోశాడు, ముక్కలు కలిపాడు. భుజం ఇంకా పూర్తిగా లేవడం లేదు. ఒక్కడి వల్ల కాలేదు.

"ఆ కొస పట్టుకో. పిసక్కు. జారకుండా, అంతే."

బావమరిది పట్టుకున్నాడు. ఒక కర్ర, చెరో కొస. పంపు ఆగింది. పదింబావు అయింది. సాన మిషను వేసేందుకు మేస్త్రికి చెయ్యి లేదు. చెక్క గోడ అవతల నుంచి రెండో సగం పాఠం ఇద్దరికీ స్పష్టంగా వినబడింది. బావమరిది చెవులు నిక్కబొడుచుకుని విన్నాడు.

"అయితే... ఆ రోజు నాయనా అన్నది నన్ను కాదా?"

"కదలకు," అన్నాడు మేస్త్రి. "జిగురు ఆరలేదు."

ఇంకా పది నిమిషాలు పట్టుకోవాలి. తిట్టుకోవడానికి నోళ్ళున్నాయి కానీ, ఇద్దరిలో ఎవరి చేతులూ ఖాళీ లేవు.